పిల్లల గుండెకు కొత్త శస్త్రచికిత్స: మాంసం కొట్టు నుంచి ఆపరేషన్ బల్ల వరకు

పాత పద్ధతి ఏ బిడ్డ దగ్గర, ఏ దశలో, ఎందుకు విఫలమవుతోందో ఒక్క వాక్యంలో రాయగలిగిన రోజున కొత్త పద్ధతి గురించి ఆలోచించడం మొదలుపెట్టండి. అంతకు ముందు వద్దు. "మేడమ్, నాకొక ఆలోచన వచ్చింది" అంటూ వచ్చే కుర్ర డాక్టర్లందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. నేను పుట్టింది కందుకూరు దగ్గర పల్లెలో. పిల్లల గుండె శస్త్రవైద్యురాలిగా పని చేసేది చెన్నైలో. సెలవులు దొరికినప్పుడల్లా నెల్లూరు వచ్చి, ఒక చిన్న గదిలో మేకల గుండెల మీద కుట్లు వేయడం నేర్పుతాను. ఆ గదిలో చెప్పే సంగతులే ఇవి. ప్రధానంగా శస్త్రవైద్య విద్యార్థుల కోసం రాస్తున్నాను. అయినా తమ బిడ్డకు కొత్త రకం ఆపరేషన్ చేస్తామని ఎవరైనా చెబితే ఏమేమి అడగాలో తల్లిదండ్రులకూ తెలియాలి కనుక అందరికీ అర్థమయ్యేలా చెబుతాను.

ఆ ఒక్క వాక్యం ఎలా ఉండాలో మన జిల్లాల నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 8, 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందులో తరచుగా కనిపించేది గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం, డాక్టర్ల మాటల్లో వీఎస్‌డీ. రంధ్రం పెద్దదైతే ఏడాది లోపే మూసేయడం మంచిది. కానీ ఉదయగిరి కొండల పక్క ఊళ్ల నుంచి, కనిగిరి, మార్కాపురం వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరు బడి ఈడు వచ్చాకే మా ముందు కూర్చుంటారు. "చంటిబిడ్డగా ఉన్నప్పుడు పాలు తాగుతుంటే చెమటలు పట్టేవి, మాటిమాటికీ నెమ్ము చేసేది, ఇప్పుడు తగ్గిందమ్మా" అని తల్లి సంతోషంగా చెబుతుంది. ఆ మాట వింటే నాకు గుండె జారుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు ఏళ్ల తరబడి అధిక ఒత్తిడిని భరించి మందమైపోయాయి. అటు పోయే రక్తం తగ్గింది కనుక ఆయాసం తగ్గినట్టు కనిపిస్తోంది.

ఇలాంటి బిడ్డకు రంధ్రాన్ని పూర్తిగా మూస్తే మొదటి కొన్ని రోజులు గండం. చిన్న ఇన్ఫెక్షనో, గొంతులోని గొట్టంలో కఫం తీసేటప్పుడు కలిగే ఉక్కిరిబిక్కిరో చాలు, ఊపిరితిత్తుల రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కుడి జఠరిక, అంటే గుండె కుడివైపు కింది గది, రక్తాన్ని బయటికి పంపే దారి మూసుకుపోతుంది, గుండె కూలబడుతుంది. మూయకుండా వదిలేస్తే రోగం ముదిరి, కొన్నేళ్లకు బిడ్డ నీలంగా మారుతుంది, ఇక ఆ తర్వాత రంధ్రం మూయడానికే వీలుండదు. కాబట్టి మన వాక్యం ఇది: "ఆలస్యంగా వచ్చిన పిల్లల్లో పెద్ద వీఎస్‌డీని పూర్తిగా మూస్తే, ఊపిరితిత్తుల రక్తపోటు పెరిగిన గంటల్లో కుడి జఠరికకు తప్పించుకునే దారి ఉండదు." ఇందులో ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్న మూడూ ఉన్నాయి. "వీఎస్‌డీ ఆపరేషన్‌ను మెరుగుపరచాలి" అన్నదాంట్లో ఒక్కటీ లేదు.

ఈ వాక్యానికి జవాబు ఇప్పటికే ఉంది. అమెరికా పిల్లల గుండె శస్త్రవైద్యుడు విలియమ్ నోవిక్ బృందం 1998లో రెండు పొరల ప్యాచ్ పద్ధతిని ప్రచురించింది. రంధ్రానికి వేసే ప్యాచ్‌లో చిన్న కన్నం చేసి, ఎడమ జఠరిక వైపు దాని మీద మరో చిన్న ముక్కను కొంత అంచు వదిలి కుడతారు. మామూలుగా ఎడమవైపు ఒత్తిడే ఎక్కువ కనుక ఆ ముక్క కన్నానికి అతుక్కుని ఉంటుంది. కుడివైపు ఒత్తిడి మించినప్పుడు మాత్రం ఒకవైపే తెరుచుకునే తలుపులా లేచి రక్తాన్ని ఎడమవైపుకు వదులుతుంది. అప్పుడు ఒంట్లో ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది, కానీ గుండె నిలబడుతుంది. పేద దేశాల్లో ఆలస్యంగా వచ్చే పిల్లలను చూసి, వాళ్ల కోసమే పుట్టిన పద్ధతి ఇది. మీ ఆలోచన ఏదైనా సరే, ముందు దీన్ని మేక గుండెలో చేసి చూడమంటాను. కొత్త పద్ధతికి కావలసిన క్రమశిక్షణ మొత్తం ఇందులో ఇమిడి ఉంది.

మీ వాక్యం రాసుకున్నాక పాత పత్రికలు తిరగేయండి. 1950, 60 దశకాల దాకా వెనక్కి వెళ్లండి. మీకు వచ్చిన ఆలోచన అప్పుడెవరికో వచ్చి, చేసి, మానేసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకు మానేశారో తెలుసుకోవడం నెలల పనిని ఆదా చేస్తుంది. అలాగే ఏదైనా వైద్య కళాశాలలోని పాథాలజీ విభాగంలో భద్రపరిచిన లోపభూయిష్ట గుండెలను చేతిలోకి తీసుకుని చూడండి. బొమ్మల్లో అన్ని వీఎస్‌డీలూ గుండ్రంగా ఉంటాయి. నిజం గుండెలో అలా ఉండవు.

గుండె తెచ్చుకోవడం, కుట్టడం

మాంసం కొట్టులో "గుండెకాయ ఇవ్వండి" అంటే పనికిరాని గుండె చేతికొస్తుంది. కూరకు అమ్మే గుండెను రక్తం పోవడానికి కోసేస్తారు, పెద్ద రక్తనాళాలను మొదట్లోనే తెగ్గొడతారు. మనకు కావలసింది మహాధమని, పుపుస ధమని కనీసం రెండు అంగుళాలు మిగిలి, పైన పొరతో సహా ఊపిరితిత్తులకు అంటుకుని ఉన్న గుండె. నేను తీసుకునే కొట్టు భాయ్‌కి ఒకసారి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. అప్పటి నుంచి తెల్లవారుజామున కోత మొదలవగానే మొత్తం జతగా తీసి పక్కన పెడతాడు. చిన్న మేకపిల్ల గుండె దొరికితే మరీ మంచిది, మన పిల్లల గుండె పరిమాణానికి దగ్గరగా ఉంటుంది. ఐసు పెట్టెలో తెచ్చి అదే రోజు వాడండి. గడ్డకట్టించి కరిగించిన కండరం సూదికి వేరుగా స్పందిస్తుంది. ఫార్మలిన్‌లో ఉంచిన గుండె చూసి నేర్చుకోవడానికి బాగుంటుంది, కుట్టడానికి పనికిరాదు.

చేతి తొడుగులు లేకుండా ఆ గుండెను ముట్టుకోకండి. మేకల నుంచి బ్రూసెల్లోసిస్ మనుషులకు అంటుతుంది. పని అయ్యాక మిగిలినదంతా పసుపు సంచిలోకి వెళ్లాలి, వీధి కుక్కలకు కాదు.

కుడి కర్ణికను (కుడివైపు పై గదిని) తెరిచి, దానికీ కుడి జఠరికకూ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటంలోని సెప్టల్, ఆంటీరియర్ రెక్కలు కలిసే మూలను వెతకండి. దాని వెనకే గోడ పలచగా ఉండే చోటు. చర్మ వైద్యులు ముక్క తీయడానికి వాడే 8 మిల్లీమీటర్ల పంచ్‌తో అక్కడ రంధ్రం చేస్తే మీ వీఎస్‌డీ తయారు. మేక గుండె మనిషి గుండెకు అచ్చు నకలు కాదని గుర్తుంచుకోండి. కుడి జఠరికలో అడ్డంగా పోయే కండర పట్టీ బలంగా కనిపిస్తుంది, ఛాతీ గోడ నుంచి రక్తం తెచ్చే ఎడమ అజైగస్ సిర నేరుగా గుండె సిరలు కలిసే కరోనరీ సైనస్‌లోకి వస్తుంది. ఇవి తెలియకపోతే చూసిందల్లా లోపంలా అనిపిస్తుంది.

ప్యాచ్ కోసం అదే గుండె పైపొరను వాడండి. కొవ్వు గీకేసి, 0.6 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, సెలైన్‌లో మూడుసార్లు బాగా కడగాలి. జపాన్‌లో ఒజాకి అనే శస్త్రవైద్యుడు రోగి సొంత పొరతో మహాధమని కవాటపు రెక్కలు చేయడానికి పాటించే కొలత ఇదే. పొర కాస్త బిరుసెక్కి, కత్తిరించినా ముడుచుకోకుండా నిలుస్తుంది. ఆ ద్రావణం ఆవిరి కళ్లకు, గొంతుకు మంచిది కాదు, కిటికీలు తెరిచి పెట్టుకోండి. కుట్టడానికి 5-0, 6-0 పాలీప్రొపిలీన్ దారాలు కావాలి. గడువు తీరి పారేయబోయే దారాలను ఆసుపత్రి స్టోరులో అడిగి తీసుకోవచ్చు, సాధనకు అవి చాలు.

ఇప్పుడు అసలు పని. రంధ్రం కింది వెనక అంచు వెంబడి గుండె విద్యుత్తును మోసే హిస్ కట్ట నడుస్తుంది. మేక గుండెలో కుట్టు తప్పితే ఏమీ కాదు, బిడ్డలో తప్పితే జీవితాంతం పేస్‌మేకర్. కాబట్టి ఆ అంచుకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, గోడ కుడివైపు ఉపరితలంలోనే సూది నడవాలి. మరోవైపు మహాధమని కవాటపు రెక్క ఉంటుంది, దాన్ని లాగితే రక్తం వెనక్కి కారుతుంది. నేను విద్యార్థుల చేత ముందుగా ఈ రెండు చోట్లా సిరా చుక్కలు పెట్టిస్తాను. కుట్టడం అయ్యాక గుండెను పూర్తిగా కోసి తెరిచి, ప్రతి కుట్టుకూ చుక్కకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయాలి. "బాగా వచ్చింది" అనే మాటను మా గదిలో ఒప్పుకోము. ఎన్ని మిల్లీమీటర్లో చెప్పాలి.

గడియారం పెట్టుకుని చేయండి. గుండెను ఆపి ఉంచే డెల్ నిడో ద్రావణం ఒక మోతాదుకు సుమారు 60 నుంచి 90 నిమిషాలు రక్షణ ఇస్తుంది. మీ కొత్త మెలిక మూయడానికి పట్టే సమయానికి ఎంత కలుపుతోందో నిమిషాల్లో తెలియాలి. ప్రయోజనం చిన్నదై సమయం పెద్దదైతే ఆ పద్ధతిని అక్కడే వదిలేయండి.

నీటితో పరీక్ష

ఖరీదైన యంత్రం లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. ఒక మిల్లీమీటరు పాదరసం ఒత్తిడి 13.6 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. అంటే 80 మిల్లీమీటర్ల ఒత్తిడి కావాలంటే ప్యాచ్ నుంచి నీటి మట్టం దాకా 109 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 30 కావాలంటే 41 సెంటీమీటర్లు. రెండు ప్లాస్టిక్ బకెట్లకు పక్కన పొంగిపోయే కన్నం పెట్టి, అక్వేరియం పంపుతో నీళ్లు ఎప్పుడూ ఆ మట్టంలోనే ఉండేలా చూడండి. ఒకటి ఎడమ జఠరికకు, ఒకటి కుడి జఠరికకు కలపండి. సెలైన్ సెట్టు గొట్టం వాడకండి. అది సన్నం, ద్రవం కదిలేటప్పుడు ఒత్తిడి దారిలోనే పడిపోతుంది, మీరు అనుకున్న అంకె ప్యాచ్ దగ్గర ఉండదు. వెడల్పు గొట్టాలే కావాలి.

ఎడమ బకెట్ 109 దగ్గర, కుడి బకెట్ 41 దగ్గర ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు కారుతోందో కొలపాత్రలో పట్టి చూడండి. తర్వాత కుడి బకెట్‌ను మెల్లగా పైకి లేపండి. ఎంత ఎత్తులో ముక్క తెరుచుకుంటుంది, మళ్లీ దించితే పూర్తిగా మూసుకుంటుందా, అంచు ఎక్కడైనా మడత పడుతుందా? కుడివైపు నీళ్లలో రంగు కలిపితే తెరుచుకున్న క్షణం కంటికి కనిపిస్తుంది. ముక్క పరిమాణం మార్చి, కుట్టని అంచు పొడవు మార్చి, మళ్లీ మళ్లీ కొలవండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రక్తం చిక్కదనం కావాలంటే సుమారు 60 పాళ్ల నీటికి 40 పాళ్ల గ్లిజరిన్ కలపండి.

నీటి పరీక్ష చెప్పలేనివి కూడా చాలా ఉన్నాయి. గడ్డలు కడతాయా, నెలల తరబడి కొట్టుకున్నాక పొర చిరుగుతుందా, గోడకు అతుక్కుపోతుందా అన్నది బకెట్ చెప్పదు. అయినా లండన్‌లో మార్క్ డి లెవాల్ బృందం 1988లో ఫాంటాన్ ఆపరేషన్ (పనిచేసే జఠరిక ఒక్కటే ఉన్న పిల్లల్లో సిరల రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించేది) రూపాన్ని మార్చింది ఇలాంటి ద్రవ ప్రవాహ నమూనాల సాయంతోనే. సిరల రక్తం దారిలో కొట్టుకునే కర్ణిక ఉంటే శక్తి వృథా అవుతుందని బల్ల మీద చూసి, తిన్నని దారి వేశారు.

సీటీ స్కాన్ నుంచి బిడ్డ గుండె నమూనాను త్రీడీ ప్రింటర్‌తో తీయడం ఇప్పుడు తేలికైంది. 3డి స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రక్తనాళాలు ఎటు తిరిగాయో, రంధ్రం ఎటు చూస్తోందో అర్థం చేసుకోవడానికి అది గొప్ప సాయం. కుట్టు పరీక్షకు మాత్రం ఆ ప్లాస్టిక్‌ను నమ్మకండి. పలచటి కవాటపు రెక్కలు స్కాన్‌లో సరిగా రావు కూడా.

వరుసగా పది గుండెల్లో మీ కొలతలు నిలకడగా వచ్చాక పనిని మరొకరి చేతికి ఇవ్వండి. మీరు పక్కన నిలబడకూడదు, నోరు విప్పకూడదు. రాసిన కాగితం మాత్రమే ఇవ్వాలి. వాళ్ల చేతిలో విఫలమైతే అది పద్ధతి కాదు, మీ ఒక్కరి చేతివాటం. చాలా ఆలోచనలు ఇక్కడే ఆగిపోతాయి, ఆగిపోవాలి కూడా.

ప్రాణమున్న గుండె

జంతువుల మీద ప్రయోగం చివరి మెట్టు, అదీ బల్ల మీద జవాబు దొరకని ప్రశ్నకు మాత్రమే. సంస్థ జంతు నైతిక సంఘం ముందుగా పరిశీలించాలి, గొర్రెల వంటి పెద్ద జంతువులకైతే జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ అనుమతి కూడా కావాలి. కవాటాలు, ప్యాచ్‌ల మన్నిక చూడటానికి ప్రపంచమంతా పడుచు గొర్రెలనే వాడుతుంది. వాటి ఒంట్లో అమర్చిన పొరల మీద సున్నం త్వరగా పేరుకుంటుంది కనుక ఏళ్ల కథ నెలల్లో తెలుస్తుంది. మన నెల్లూరు జాతి గొర్రె పొడవు కాళ్ల పొడగరి, ఛాతీ తెరిచే పనికి అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. కానీ నెమరువేసే జంతువు మత్తులో ఉంటే పొట్ట ఉబ్బి, మేత గొంతులోకి వస్తుంది. పశువైద్య మత్తు నిపుణులు లేకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకండి. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం వంటి చోటుతో కలిసి పని చేయడమే సరైన దారి.

1940 దశకంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ప్రయోగశాల టెక్నీషియన్ వివియన్ థామస్ చేసిన పనిని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. ఆయన ముందుగా కుక్కల్లో రక్తం నీలంగా మారే స్థితిని సృష్టించారు. ఆ తర్వాతే చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి దాన్ని సరిచేశారు. 1944 నవంబరు 29న శస్త్రవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ఆ ఆపరేషన్‌ను మొదటిసారి ఒక పాపకు చేస్తున్నప్పుడు, థామస్ ఆయన వెనక స్టూలు మీద నిలబడి అడుగడుగునా చెప్పారు. నల్లజాతివాడైనందుకు, వైద్య పట్టా లేనందుకు ఆయన పేరు చాలాకాలం బయటికి రాలేదు. ప్రయోగశాలలో చేయి ఎవరిదో వాళ్లు మొదటి ఆపరేషన్ రోజున గదిలో ఉండాలి. మీ టెక్నీషియన్ పేరు మీ వ్యాసం మీదా ఉండాలి.

తల్లిదండ్రులతో మాట్లాడటం

మనుషుల్లో చేయడానికి ముందు ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి, మొదటి బిడ్డను చేర్చుకునే ముందే క్లినికల్ ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు, కొత్త పరికరం ఉంటే 2017 వైద్య పరికరాల నియమాల కింద కేంద్ర అనుమతి కావాలి. ఇవన్నీ కాగితాలు. శ్రద్ధగా చేస్తే అయిపోతాయి. కష్టమైనది బిడ్డ తల్లి ఎదుట కూర్చోవడం.

"మాకేమి తెలుసు డాక్టరమ్మా, మీ బిడ్డ అనుకుని చేయండి" అంటారు మనవాళ్లు. ఆ నమ్మకం చాలా పెద్దది, అందుకే దాన్ని సంతకంగా మార్చుకోకూడదు. రెండు రంగుల పెన్సిళ్లతో గుండె గీసి, పాత ఆపరేషన్‌లో ఏం చేస్తామో, కొత్తదానిలో ఏం మారుస్తామో చూపించండి. "ఇది ఇంతవరకు ఇంతమందికే చేశాం" అని అంకెతో చెప్పండి. సున్నా అయితే సున్నా అనే చెప్పండి. వద్దంటే పాత పద్ధతి ఆపరేషన్ అదే వరుసలో, అదే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా జరుగుతుందని ముందే చెప్పండి. ఎందుకంటే వద్దంటే పేరు కొట్టేస్తారేమోనన్న భయం మనసులో ఉంటుంది, పైకి చెప్పరు. తర్వాత ఇంటి పెద్దను అడగండి: "తాతయ్యా, ఇంటికెళ్లి ఇదంతా మీ వాళ్లకు ఎలా చెబుతారు?" ఆయన చెప్పేది విన్నాక మీరు మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వస్తే, చెప్పండి. తల్లితో ఒక నర్సమ్మ విడిగా మాట్లాడాలి. సంతకం ఆ రోజు వద్దు, మర్నాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా అడగాలి. ఏడేళ్ల పిల్ల అడిగే ప్రశ్నలు సంఘం సభ్యులు అడిగేవాటికంటే సూటిగా ఉంటాయి.

మొదటి పిల్లలు, ఆగవలసిన గీత

ఎప్పుడు ఆపేస్తారో మొదటి ఆపరేషన్‌కు ముందే రాసి, మీకు లోబడని మరో డాక్టరు చేతిలో పెట్టండి. ఎన్ని మరణాలు, ఎన్ని హార్ట్ బ్లాకులు (గుండె విద్యుత్తు దారి తెగిపోవడాలు), ఎన్నిసార్లు ఛాతీ తిరిగి తెరవడాలు అయితే ఆగాలో అందులో ఉండాలి. మధ్యలో రాసే గీత ఎప్పుడూ మనకు అనుకూలంగా జరుగుతూ పోతుంది. ప్రతి కేసు తర్వాత ఫలితాన్ని ముందువాటికి కూడుతూ ఒక గీతగా గీయండి, సగటు కోసం ఏడాది చివరి దాకా ఆగకండి. డి లెవాల్ 1994లో, పెద్ద ధమనులు తారుమారుగా పుట్టిన 104 మంది నవజాత శిశువులకు చేసిన ధమనుల మార్పిడి ఆపరేషన్లను ఇలాగే గీత గీసి చూశారు. మధ్యలో మరణాలు గుంపుగా వచ్చిన దశను దాచకుండా ప్రచురించారు. మరో నిపుణుడి దగ్గరకు వెళ్లి మళ్లీ నేర్చుకున్నారు. అలా చూడని చోట ఏం జరుగుతుందో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ల తర్వాత జరిగిన పిల్లల మరణాలపై 2001లో వచ్చిన విచారణ నివేదిక చెబుతుంది.

మొదటి 20 మందీ క్షేమంగా ఇంటికి వెళ్లారనుకోండి. పండగ చేసుకోకండి. సున్నా వైఫల్యాలు వచ్చినప్పుడు మూడును కేసుల సంఖ్యతో భాగిస్తే, అసలు ప్రమాదం ఎంతవరకు ఉండవచ్చో తెలుస్తుంది. 20 మందికి అది 15 శాతం. 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఐడియల్ విధానం అందుకే ఆలోచన, అభివృద్ధి, పరిశీలన, మదింపు, దీర్ఘకాలిక గమనిక అని మెట్లు వేసింది.

ఆ చివరి మెట్టు మన దగ్గర అన్నిటికంటే కష్టం. పెద్ద ధమనులు తారుమారైన పిల్లలకు ఒకప్పుడు కర్ణికల్లోనే రక్తం దారి మళ్లించే సెన్నింగ్, మస్టర్డ్ ఆపరేషన్లు చేసేవారు, వాటితో పిల్లలు చక్కగా బతికారు. కుడి జఠరిక అలసిపోవడం దశాబ్దాల తర్వాత బయటపడింది. 1975లో జటేన్ ధమనుల మార్పిడి చేసి చూపాక వాటి స్థానం మారింది. మీ పద్ధతి నిజ స్వరూపం కూడా ఇరవై ఏళ్ల తర్వాతే తెలుస్తుంది. కాబట్టి డిశ్చార్జి రోజునే బిడ్డ ఇంటి ఫోనుతో పాటు మేనమామ ఫోను, ఊళ్లో ఆశా కార్యకర్త ఫోను రాసుకోండి. పశ్చిమ ప్రకాశం నుంచి చాలా కుటుంబాలు సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకాయల కోతలకు వెళ్తాయి, మరికొందరు హైదరాబాదు కట్టడం పనులకు. ఫిబ్రవరిలో రమ్మంటే రారు. బడులు తెరిచే జూన్‌లో, పండక్కి ఇంటికొచ్చే జనవరి మొదట్లో తేదీలు ఇవ్వండి. చెన్నై దాకా రప్పించకుండా నెల్లూరులోనో ఒంగోలులోనో ఎకో (గుండె స్కాన్) తీయించి, వీడియోనే తెప్పించుకోండి. ఒక రోజు కూలీ, బస్సు చార్జీ ప్రాజెక్టు ఖర్చులో ముందే చూపించండి. రాని బిడ్డను 'సమాచారం లేదు' అని కొట్టేయకండి. ఆ గడిలో మరణం కూడా ఉండవచ్చు. మీరు ఉద్యోగం మారితే ఆ రిజిస్టరు బాధ్యతను పేరుపెట్టి మరొకరికి అప్పగించి, ప్రతి కుటుంబానికీ ఫోను చేసి ఆ పేరు, నంబరు చెప్పండి.